సైకిల్ లైటు: వెలుగు ఎక్కడ పడుతోంది?

నమస్కారం. చీకట్లో సైకిల్ తొక్కేవారి కోసం ఈ వీడియో.

లైటు కొనబోతే పెట్టె మీద ముందుగా కనిపించేది ఒక పెద్ద అంకె. 800 లూమెన్లు, 1,200 లూమెన్లు. ఆ అంకె ఒక్కటే చూసి కొనేయకండి. లైటులోంచి మొత్తం ఎంత వెలుగు బయటికి వస్తుందో లూమెన్ చెబుతుంది. ఆ వెలుగు ఎటు పోతుందో చెప్పదు. రోడ్డు మీద ఎంత పడుతుందో చెప్పే కొలత లక్స్. బిందెలో నీళ్లు ఎన్ని ఉన్నాయన్నది లూమెన్ అయితే, మొక్క మొదట్లో ఎన్ని పడ్డాయన్నది లక్స్.

ఇప్పుడు ఈ గోడ మీద చూడండి. ఈ లైటు వెలుగు గుండ్రంగా పడింది. కింది సగం రోడ్డుకు పనికొస్తుంది. పై సగం ఎదురుగా వచ్చేవారి కళ్లలో పడుతుంది. కళ్లు చెదిరిన మనిషి మీ వైపే బండి నడుపుకుంటూ వస్తున్నాడు, అది మీకే ప్రమాదం. ఇక ఈ రెండో లైటు. పైభాగం గీత గీసినట్టు తెగిపోయింది, చూశారా? కారు హెడ్‌లైటు డిమ్‌లో ఉన్నప్పుడు పడే వెలుగు ఇలాగే ఉంటుంది. జర్మనీలో సైకిల్ ముందు లైటు వెలుగును 10 మీటర్ల దూరంలో లక్స్‌లోనే కొలుస్తారు. ఎదుటివారి కళ్లలో కొట్టకూడదన్నది అక్కడి నిబంధన. దొరికితే ఈ రకమే తీసుకోండి. గుండ్రని వెలుగు లైటే మీ దగ్గర ఉంటే, దాన్ని బాగా కిందికి వంచి బిగించండి.

మరి ఎంత వెలుగు కావాలి? వీధి దీపాలున్న చోట మీరు ఇతరులకు కనిపిస్తే చాలు, చిన్న లైటు సరిపోతుంది. దీపాలు లేని రోడ్డు మీద మీ వేగాన్ని బట్టి లెక్క వేసుకోవాలి. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోతున్నారు. గుంత కనబడి, చెయ్యి బ్రేకు మీదికి వెళ్లేసరికి ఒక సెకను గడిచిందనుకుందాం. ఆ సెకనులోనే సైకిల్ ఐదున్నర మీటర్లు దాటేస్తుంది. బ్రేకు గట్టిగా పట్టినా, పొడి రోడ్డు మీద ఆగడానికి ఇంకో 4 మీటర్లు కావాలి. అదే 30 కిలోమీటర్ల వేగమైతే మొత్తం దాదాపు 17 మీటర్లు! పైగా దూరం రెట్టింపైతే అక్కడ పడే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. కాబట్టి లైటు 10 మీటర్లే స్పష్టంగా చూపిస్తుంటే గంటకు 20 కిలోమీటర్ల వేగం దాటి తొక్కవద్దు. తడి రోడ్డయితే ఇంకా నెమ్మదిగా వెళ్లండి.

లైటును హెల్మెట్ మీద మాత్రమే పెట్టుకునేవారున్నారు. అది నాకు నచ్చదు. వెలుగు కంటి పక్కనుంచే వెళ్తే గుంతల నీడలు మనకు కనిపించవు, రోడ్డంతా చదునుగా ఉన్నట్టు అనిపిస్తుంది. హ్యాండిల్ మీద గానీ, ఇంకా కింద గానీ ఉంటే గుంత అంచు నీడ పొడుగ్గా పడి ముందే హెచ్చరిస్తుంది. మలుపుల్లో పక్కకు చూడటానికి హెల్మెట్ లైటు అదనంగా ఉంటే మంచిదే.

వెనక లైటును చాలామంది పట్టించుకోరు. దయచేసి ఆ పని చేయకండి. వెనక నుంచి వచ్చే బండిని మీరు చూడలేరు, దాన్ని నడిపే మనిషే మిమ్మల్ని చూడాలి. ఎర్ర లైటు నిలకడగా వెలగాలి. ఆరుతూ వెలిగే లైటు చూపును త్వరగా లాగుతుంది, నిజమే. కానీ మీరు ఎంత దూరంలో ఉన్నారో, ఎంత వేగంతో పోతున్నారో అంచనా వేయడం దానితో కష్టం. రెండు లైట్లుంటే ఒకటి నిలకడగా, ఒకటి ఆరుతూ వెలిగేలా పెట్టుకోండి. బ్యాగు తగిలించుకుని, రోజూ వేసుకునే కోటుతో సీటు మీద కూర్చుని, వెనక నుంచి ఎవరినైనా చూడమనండి. ఎన్నో సైకిళ్లకు లైటు ఉంటుంది, కోటు అంచు దాన్ని కప్పేస్తుంది.

రిఫ్లెక్టర్లు ఉన్నాయి కదా అంటారా? రిఫ్లెక్టర్ తన మీద పడిన వెలుగును వచ్చిన వైపుకే తిప్పి పంపుతుంది. పక్క వీధి నుంచి వస్తున్న కారు హెడ్‌లైటు ఇంకా మీ మీద పడనే లేదు, అప్పుడది ఏం చేయగలదు? లైటుకు అది బదులు కాదు. అయితే పెడళ్లకు, చీలమండలకు ఉన్న రిఫ్లెక్టర్లు చాలా విలువైనవి. స్వీడన్ మనస్తత్వ శాస్త్రవేత్త గున్నార్ యోహాన్సన్ 1973లో ప్రచురించిన ప్రయోగాల్లో, మనుషుల కీళ్ల దగ్గర అమర్చిన వెలుగు చుక్కలు మాత్రమే చూపించారు. ఆ చుక్కలు కదలగానే అది నడుస్తున్న మనిషని చూసేవారు పోల్చుకున్నారు. పైకీ కిందికీ కదిలే మీ పాదాలు కూడా డ్రైవరుకు ‘అక్కడ మనిషి ఉన్నాడు’ అని అలాగే చెబుతాయి.

ఇక బ్యాటరీ. పెట్టె మీద రాసిన గంటలు చాలాసార్లు తక్కువ వెలుగులో లెక్కించినవి. మీరు వాడే వెలుగులోనే ఇంట్లో ఒకసారి వెలిగించి, ఎంతసేపు వస్తుందో చూసుకోండి. చలిలో ఆ సమయం ఇంకా తగ్గుతుంది. రోజూ రాత్రి తొక్కేవారైతే చక్రం ఇరుసులో ఉండే డైనమో గురించి ఆలోచించండి, ఛార్జింగ్ బాధ ఉండదు. కొనేటప్పుడు, సైకిల్ ఆగినా కాసేపు వెలిగే లైటునే అడగండి. లేకపోతే సిగ్నల్ దగ్గర ఆగిన క్షణంలోనే మీరు చీకట్లో కలిసిపోతారు.