కణితి లోపలే పనిచేసే రేణువులు

శ్రోతలకు నమస్కారం.

క్యాన్సర్‌కు రేడియేషన్ చికిత్స చేసే వైద్యులకు కిరణాల బలం కొరత కాదు. ఆ కిరణాలు కణితిని చేరే దారిలోనూ, దాన్ని దాటి వెళ్ళాక కూడా ఆరోగ్యంగా ఉన్న కండరాన్ని, చర్మాన్ని, నరాలను తాకడమే అసలు చిక్కు. డోసు పెంచితే చుట్టూ ఉన్న కణజాలం దెబ్బతింటుంది, తగ్గిస్తే కణితి మిగిలిపోతుంది. బయటి డోసును మార్చకుండా కణితిలో మాత్రం దాని ప్రభావాన్ని పెంచడానికి లోహ ఆక్సైడ్ నానో రేణువులు, ముఖ్యంగా హాఫ్నియం ఆక్సైడ్, ఒక దారి చూపిస్తున్నాయి.

మన ఒంటి కణజాలంలో ఉండే కార్బన్ పరమాణువులో 6 ఎలక్ట్రాన్లుంటే, హాఫ్నియం అనే బరువైన లోహపు పరమాణువులో 72 ఉంటాయి. పైగా హాఫ్నియం ఆక్సైడ్ నీటికన్నా దాదాపు పది రెట్లు సాంద్రమైనది. అందుకే అది ఎక్స్ కిరణాల శక్తిని కణజాలంకన్నా ఎక్కువగా పట్టుకుంటుంది. సుమారు 50 నానోమీటర్ల రేణువు ఒకటి క్యాన్సర్ కణంలో ఉందనుకోండి. ఎక్స్ కిరణం తగలగానే దానిలోంచి ఎలక్ట్రాన్లు చిమ్ముకొస్తాయి. వాటిలో చాలా భాగం అతి కొద్ది దూరంలోనే శక్తిని వదిలేస్తూ, కణంలోని నీటి అణువులను చీల్చి హైడ్రాక్సిల్ రాడికల్స్ అనే, దేనితోనైనా ఇట్టే చర్య జరిపే అణు ముక్కలను పుట్టిస్తాయి. అవి డీఎన్ఏ పోగులను తెంచుతాయి. కిరణం ఆగిందంటే ఈ చర్యా ఆగిపోతుంది.

లోహ ఆక్సైడ్లన్నీ ఇలాగే ప్రవర్తిస్తాయనుకోకూడదు. సీరియం ఆక్సైడ్ రాడికల్స్‌ను హరించి మామూలు కణాలను కాపాడినట్టు ప్రయోగశాలల్లో కనిపించింది.

హాఫ్నియం ఆక్సైడ్ మాత్రం రోగుల దాకా వచ్చింది. చేతులు, కాళ్ళు, మొండెంలో వచ్చే మెత్తటి కణజాల సార్కోమాలో, అంటే కండరం, కొవ్వు వంటి కణజాలాల్లో పుట్టే క్యాన్సర్‌లో, రేణువులు కలిపిన ద్రవాన్ని ఒక్కసారి సూదితో నేరుగా కణితిలోకి ఎక్కించి, తర్వాత ఐదు వారాలు రేడియేషన్ ఇచ్చి, ఆపైన శస్త్రచికిత్స చేశారు. తీసిన కణితిలో బతికున్న క్యాన్సర్ కణాలు 5 శాతం కూడా మిగలనివారు వందకు 16 మంది. రేడియేషన్ ఒక్కటే పొందినవారిలో అటువంటివారు వందకు 8 మంది. 2019లో వెలువడిన ఈ ఫలితంలో నన్ను ఆకట్టుకున్నది ఆ రెట్టింపే అయినా, మిగిలిన 84 మందినీ మరవలేం.

రేణువులు కణితి అంతటా సమంగా పరుచుకోకపోతే, అవి చేరని చోట కిరణానికి అదనపు తోడు ఉండదు. సూది అందని లోతుల్లో ఉన్న కణితులకు, ఒంట్లో అక్కడక్కడా పాకిన వ్యాధికి ఈ పద్ధతి కష్టమే. తల, మెడ క్యాన్సర్ ఉండి, సిస్‌ప్లాటిన్ అనే కీమోథెరపీ మందును తట్టుకోలేని వృద్ధులకు ఇది ఎంత మేలు చేస్తుందో తేల్చేందుకు మూడో దశ పరీక్షను చేపట్టారు.