జ్వరం దిగింది, గుండె సంగతేమిటి?

(హైదరాబాద్ ఇందిరా పార్కులో ఉదయపు నడకకు వచ్చేవారి కోసం ఒక గుండె వైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఈ వానాకాలం మన నగరంలో జ్వరం రాని ఇల్లు దొరకడం కష్టం. నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి దారిలో వెళ్లేవారికి ఆ రద్దీ గురించి చెప్పక్కర్లేదు. ప్లేట్‌లెట్ల లెక్కలైతే మాకంటే మీకే బాగా కంఠస్థం. అందుకని నేను జ్వరం జోలికి పోను. జ్వరం తగ్గాక వచ్చే రెండు మూడు వారాల గురించి మాట్లాడతాను. థర్మామీటర్ 98.4 చూపించగానే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. ఆ మనిషికి ముందే షుగరో, బీపీనో, గుండె నాళం తెరిచి ఉంచే స్టెంటో ఉంటే నాకు మాత్రం అంత తొందరగా నిశ్చింత కలగదు.

కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో చేసిన ఒక అధ్యయనం 2018లో వెలువడింది. ఫ్లూ ఉన్నట్టు పరీక్షలో తేలిన తర్వాత మొదటి ఏడు రోజుల్లో గుండెపోటుతో ఆసుపత్రిలో చేరే ముప్పు సుమారు ఆరు రెట్లు పెరిగిందని అందులో తేలింది. దేనికి ఆరు రెట్లు? అదే మనిషికి మామూలు రోజుల్లో ఉండే ముప్పుకు. ఎవరినీ పక్కవాళ్లతో పోల్చలేదు కాబట్టి, 'వాళ్లు పొగతాగేవాళ్లేమో' అని కొట్టిపారేయడానికి వీల్లేదు. కోవిడ్ విషయానికొస్తే, అమెరికాలో మాజీ సైనికుల వైద్య రికార్డులను పరిశీలించి 2022లో ప్రచురించిన ఫలితాల్లో, జబ్బు చేసిన తర్వాత ఏడాది వరకూ గుండెపోటు, పక్షవాతం, గుండె లయ తప్పడం ఎక్కువగానే కనిపించాయి. ఆసుపత్రి గడప తొక్కకుండా ఇంట్లోనే కోలుకున్నవారిలోనూ ఆ ముప్పు కొంత ఉంది.

ఎందుకిలా? గుండెకు రక్తం తీసుకెళ్లే నాళాల గోడల్లో చాలామందికి నడివయసుకే కొవ్వు పేరుకుని ఉంటుంది. దాని మీద పాల మీది మీగడలాంటి పలచని పొర ఉంటుంది. వైరస్ మీద ఒళ్లు చేసే యుద్ధంలో పుట్టే వాపు ఈ పొరను బలహీనపరుస్తుంది. అది చిట్లితే అక్కడ రక్తం గడ్డకడుతుంది, పైగా ఆ రోజుల్లో రక్తానికి గడ్డకట్టే గుణమూ ఎక్కువే. ఒక డిగ్రీ సెల్సియస్ జ్వరం పెరిగితే నాడి నిమిషానికి పది దాకా పెరుగుతుంది. అంటే గుండెకు పని పెరిగిన సమయంలోనే దారి ఇరుకవుతోంది. ఇది కాక, కొన్ని వైరస్‌లు నేరుగా గుండె కండరానికే వాపు తెస్తాయి. దాన్ని మయోకార్డైటిస్ అంటాం. నాళాలు శుభ్రంగా ఉన్న పాతికేళ్ల కుర్రవాడికీ ఇది రావచ్చు.

డెంగీ దగ్గర కాస్త ఆగుదాం. అది తగ్గే దశలో నాడి నెమ్మదించడం మామూలే, చాలామందిలో దానంతటదే సర్దుకుంటుంది. నా భయం వేరే. స్టెంటు వేయించుకున్న ఒకాయనకు డెంగీ వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోయాయి. రక్తం గడ్డకట్టకుండా వాడే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ ఆపేశారు. రక్తస్రావం భయం ఉన్నప్పుడు అది సబబే. నెల తర్వాత మా దగ్గరికి వచ్చినప్పుడు ఆయన భార్య మందుల డబ్బా తెరిచి చూపించారు. బీపీ మాత్రల అట్ట దాదాపు ఖాళీ. పక్కనే క్లోపిడోగ్రెల్ అట్ట, ఒక్క మాత్ర కూడా కదలకుండా. డిశ్చార్జి కాగితంలో 'ఆపండి' అని ఉంది, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో లేదు. అదృష్టం బాగుండి ఆయనకేమీ కాలేదు. మీ ఇంట్లో ఇలాంటి మందు ఆపితే, తిరిగి ఏ రోజు వేయాలో వైద్యుడి చేత రాయించుకోండి. మీరుగా ఆపొద్దు, మీరుగా మొదలెట్టొద్దు. డెంగీ అనుమానం ఉంటే ఒళ్లు నొప్పులకు ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కూడా వద్దు. పారాసిటమాల్ చాలు, అదీ మోతాదు మించకుండా.

ఇక పరుగుల వాళ్లు. మన హైదరాబాద్ మారథాన్ ఆగస్టులో, సరిగ్గా జ్వరాల కాలంలోనే వస్తుంది. నెలల తరబడి సాధన చేశాం కదా అని జ్వరం దిగిన నాలుగో రోజే బూట్లు కట్టేవాళ్లున్నారు. యువకుల ఆకస్మిక మరణాలపై భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో వచ్చింది. 'అంతా కోవిడ్ టీకా వల్లే' అనే వాట్సాప్ తీర్పులకు భిన్నంగా, ఆ టీకా వల్ల ముప్పు పెరగలేదని అది తేల్చింది. ముప్పు కనిపించింది ఇతర చోట్ల: కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరి ఉండటం, కుటుంబంలో ఆకస్మిక మరణాల చరిత్ర, చనిపోవడానికి ముందు 48 గంటల్లో అతిగా తాగడం లేదా తీవ్రంగా శ్రమపడటం. కాబట్టి మొదట నడవండి. మెట్లెక్కితే ఆయాసం రావడం లేదని తేలాకే వేగం పెంచండి. మయోకార్డైటిస్ అని తేలితే మూడు నుంచి ఆరు నెలలు పోటీ ఆటలు బంద్. దీని మీద బేరాలుండవు.

నిలబడితే గుండె దడదడలాడుతోందని చాలామంది వస్తారు. పడుకుని ఐదు నిమిషాలాగి నాడి లెక్కపెట్టండి. లేచి నిలబడి పది నిమిషాల్లో మళ్లీ చూడండి. ముప్పై, అంతకు మించి పెరుగుతుంటే మాకు చెప్పండి. ఇది సాధారణంగా ప్రాణాంతకం కాదు, అలాగని భ్రమా కాదు.

ఛాతీ మధ్యలో బరువు, చెమటలు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి ఉంటే గ్యాస్ అని సోడా తాగుతూ కూర్చోకండి. 108కి ఫోన్ చేయండి. ఈసీజీ తీయడానికి పట్టేది నిమిషాలే.

ఫ్లూ టీకా గురించి మన దగ్గర అడిగేవారే తక్కువ. గుండెపోటు వచ్చిన కొద్ది రోజుల్లోనే ఈ టీకా వేస్తే ఏడాదిలోపు మరణాలు తగ్గాయని 2021లో ఒక పెద్ద పరీక్షలో తేలింది. ఏటా వేసుకోవాలి, వైరస్ మారుతుంటుంది కాబట్టి. గుండె జబ్బు ఉన్నవారు ఈసారి చెకప్‌కు వెళ్లినప్పుడు, బీపీ చూసే లోపు ఈ సంగతి అడగండి.

ఇక మీ ప్రశ్నలు. రిపోర్టులు తెచ్చినవాళ్లు ముందుకు రండి.