పాట వేసెయ్యమన్నారు

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, మీ అందరికీ నమస్కారం. పేరుపేరునా చెప్పాలి గానీ, నాకిచ్చిన టైమంతా దానికే సరిపోతుంది, మన్నించండి. ప్రపంచ రేడియో దినోత్సవం కదా, రేడియో నిన్న, నేడు, రేపు అనే అంశం ఇచ్చారు. నిన్నటి వైభవం ఇందాకటి వక్తలు చెప్పేశారు. నేను ఒక్క వారం గురించి చెబుతాను.

2022 ఫిబ్రవరి ఆఖరి వారం. అప్పుడు నేనొక ప్రైవేటు ఎఫ్ఎంలో సాయంత్రం షో చేసేవాణ్ణి. ఏ స్టేషనో అడక్కండి. 24న, గురువారం, ఉక్రెయిన్ మీద రష్యా దాడికి దిగింది. ముందురోజు దాకా ఫోన్లలో బర్త్‌డే విషెస్, పాటలే. ఇక అక్కణ్ణుంచి ఒకటే ఆరా. అక్కడ మెడిసిన్ చదివే మన పిల్లలు ఎలా వస్తారు? సన్‌ఫ్లవర్ నూనె రేటు పెరుగుతుందా? ఏదీ ఎయిర్‌లోకి వెళ్లలేదు.

సోమవారం ఒకాయన లైన్లోకి వచ్చాడు. పాట పేరు అడిగాను. "పాట వద్దన్నా. మా పాప ఖార్కివ్‌లో ఉంది. మెట్రో స్టేషన్లో తలదాచుకున్నారంట. బార్డర్‌కి పొమ్మంటున్నారు, ఏ బార్డర్‌కి పోవాలన్నా?" నా వేలు ఫేడర్ మీదే ఉంది, అదే, గొంతు పెంచే తగ్గించే మీట. అద్దం అవతల ప్రొడ్యూసర్ చెయ్యి ఊపుతూ "పాట వేసెయ్" అంటున్నాడు. కిందికి లాగేశాను. డ్యూయెట్ మొదలైంది. అది నడుస్తుండగానే ఆయనతో విడిగా మాట్లాడాను. ఖార్కివ్ నుంచి పోలండ్ సరిహద్దు వెయ్యి కిలోమీటర్ల పైమాటే. ఎంబసీ హెల్ప్‌లైన్ నంబరు ఇచ్చాను. అదే నంబరు కావాల్సిన మిగతా తల్లిదండ్రులు ఆ నాలుగు నిమిషాలూ డ్యూయెట్ విన్నారు.

ప్రొడ్యూసర్‌ని ఏమీ అనను. లైసెన్సు పోతే ఎవరు తెస్తారు? ప్రైవేటు ఎఫ్ఎం సొంతంగా వార్తలు, వర్తమాన వ్యవహారాలు ముట్టుకోకూడదు. ఆకాశవాణి బులెటిన్ ఉన్నదున్నట్టు వేసుకోవచ్చు. ట్రాఫిక్, వాతావరణం, పరీక్షా ఫలితాలు చెప్పొచ్చు. అదే రాత్రి టీవీల్లో మాత్రం గ్రాఫిక్స్ ట్యాంకులేసుకుని, గొంతు చించుకుని అరిచారు. దానికి పర్మిషన్ ఉంది!

రేడియోకి నోరిస్తే ప్రమాదం, 1994లో ఆఫ్రికాలోని రువాండా మారణహోమం చూడలేదా అంటారు. చూశాం. అక్కడి ఆర్‌టీఎల్‌ఎం అనే రేడియో హత్యలకు ఉసిగొల్పింది. దానికి విద్వేషాన్ని శిక్షించాలి గానీ, తండ్రి అడిగే ప్రశ్నని నొక్కేస్తామా?

1995లో సుప్రీంకోర్టు ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అంది. ఆ తీర్పు రాసినవారిలో మన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి ఒకరు. 2008లో జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో దళిత మహిళలు 'సంఘం రేడియో' అనే కమ్యూనిటీ రేడియో పెట్టారు. విత్తనాల గురించి, వానల గురించి వాళ్లు మాట్లాడుతుంటే వినాలి మీరు! వాళ్లకీ సొంత వార్తలు నిషేధమే. ఆస్తి మనదేనండీ, తాళం చెవి మాత్రం మన దగ్గర లేదు.

చీటీ అందింది అధ్యక్షా, ఒక్క నిమిషం. 2023లో ట్రాయ్, అంటే టెలికాం, ప్రసారాల నియంత్రణ సంస్థ, ప్రైవేటు ఎఫ్ఎంలు గంటకు 10 నిమిషాలు వార్తలకూ వర్తమాన వ్యవహారాలకూ ఇవ్వొచ్చని సిఫార్సు చేసింది. సాయంత్రం ఇక్కడ తీర్మానం చదువుతారట. ఆ సిఫార్సు అమలు చేయాలని, ఆ 10 నిమిషాల్లో ఫోన్ చేసినవాళ్ల ప్రశ్నలకూ చోటుండాలని అందులో రాయించండి. ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి. వెనక వరసలోవాళ్లూ, ఫోన్లు పక్కనబెట్టి.