పాత మస్టాంగ్, కొత్త పికప్: కిందకి దూరి చూద్దాం

నమస్తే అండి. నా ఎడమ పక్కన 1965 మస్టాంగ్ కారు, కుడి పక్కన ఇప్పటి ఎఫ్-150 పికప్. రెండూ ఫోర్డ్‌వే. ఏది గొప్ప అని మొదలుపెడితే తెల్లారేదాకా తేలదు. అందుకే ఇవాళ, ఇలాంటి రెండు బళ్లను పోల్చేటప్పుడు ఎక్కడెక్కడ చూడాలో చూపిస్తాను.

ముందు హార్స్‌పవర్. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. మస్టాంగ్ 4.7 లీటర్ల వీ8లో, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజిన్‌లో, ఒక రకానికి 225 అని కాగితం మీద ఉంటుంది. పికప్‌లో 3.5 లీటర్ల, రెండు టర్బోలున్న వీ6కి (ఆరు సిలిండర్లు) 400. తేడా 175 అనుకుంటే తప్పే, అసలు తేడా అంతకంటే ఎక్కువ. అప్పట్లో అమెరికాలో ఇంజిన్‌ను విడిగా స్టాండు మీద పెట్టి, ఎయిర్ ఫిల్టరూ ఫ్యానూ సైలెన్సరూ లేకుండా కొలిచేవాళ్లు. అది గ్రాస్ లెక్క. 1972 మోడళ్ల నుంచి అవన్నీ తగిలించి కొలిచే నెట్ లెక్క వచ్చింది. కాబట్టి ఆ 225లో కొంత తీసేసే చూడాలి.

సైజు సంగతి చూస్తూనే తెలుస్తోంది. మస్టాంగ్ 4.6 మీటర్లు, నాలుగు డోర్ల పికప్ దాదాపు 5.9 మీటర్లు.

ఇప్పుడు కిందకి దూరదాం, నాకిష్టమైన భాగం ఇదే. టార్చ్ ఇటు కొట్టండి. పికప్‌కి నిచ్చెనలాంటి స్టీల్ ఫ్రేమ్, దాని మీద బాడీ. ఆ బాడీ 2015 మోడల్ నుంచి అల్యూమినియం. మస్టాంగ్‌కి విడిగా ఫ్రేమే లేదు, బాడీయే ఛాసిస్. అంటే పాతకాలపు కట్టుబడి కొత్త బండిదన్నమాట! బరువు మోయాలి, ట్రైలర్ లాగాలి కాబట్టి పికప్ దాన్ని వదల్లేదు. వెనక్కి రండి. రెండిటికీ వెనక చక్రాలు రెండిటినీ కలిపే దూలంలాంటి యాక్సిల్, రెండిటికీ కమాన్ కట్టలే. యాభై ఏళ్లు దాటినా ఇక్కడ మాత్రం చుట్టాలే.

బాడీయే ఛాసిస్ అయినప్పుడు తుప్పు అంటే పెయింట్ సమస్య కాదు, బండి బలమే పోతుంది. మస్టాంగ్‌లో వైపర్ల ముందున్న ఈ గాలి సందుల్లో చెంబెడు నీళ్లు పోయండి. లోపల కాళ్ల దగ్గర తడిస్తే, ఖర్చు గట్టిగానే ఉంటుంది.

బ్రేకుల దగ్గర నాకు సెంటిమెంట్ లేదు. 1965లో మామూలుగా వచ్చేవి నాలుగూ డ్రమ్ములే, పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ని నెట్టే మాస్టర్ సిలిండర్‌కి ఒకటే సర్క్యూట్, అంటే నాలుగు చక్రాలకీ కలిపి ఒకే ఆయిల్ దారి. ఎక్కడో ఒక పైపు లీకైతే పెడల్ నేరుగా కిందకి పోతుంది. మస్టాంగ్‌కి రెండు సర్క్యూట్లు 1967లో వచ్చాయి. రోజూ నడపాలనుకుంటే అన్నిటికంటే ముందు ఇది మార్పించండి. ఒరిజినల్ పోతుందని ఎవరన్నా అంటే అననివ్వండి.

రిపేరు మాత్రం తిరగబడుతుంది. పాతదానికి ఇగ్నిషన్ పాయింట్ల (స్పార్క్ కోసం కరెంటుని కలిపి విడదీసే కాంటాక్టులు) మధ్య సందు సరిచేయడానికి స్క్రూడ్రైవరూ, సందు కొలిచే పల్చటి రేకుల ఫీలర్ గేజీ చాలు. పికప్‌లో ఇంజిన్ లైటు వెలిగిందంటే ముందు బండి కంప్యూటర్‌లో తప్పు చదివే స్కానర్ తగిలించాల్సిందే.

సరే, స్టార్ట్ చేద్దాం. పికప్‌కి బ్రేక్ తొక్కి బటన్ నొక్కితే అయిపోయింది. మస్టాంగ్ రాత్రంతా చల్లబడి ఉంది. యాక్సిలరేటర్ ఒక్కసారి పూర్తిగా తొక్కి వదలాలి, అప్పుడే చల్లటి ఇంజిన్‌కి గాలి తగ్గించి పెట్రోలు పాళ్లు పెంచే ఆటోమేటిక్ చోక్ పడుతుంది. తాళం తిప్పుతున్నా... కాస్త ఆగండి, దగ్గుతోంది... ఆ, అందుకుంది.