మూతి వంకరలో ముందు చూడాల్సింది కన్ను

అందరికీ నమస్కారం. ఇక్కడ హౌస్ సర్జన్లు, ఫిజియోథెరపిస్టులు ఎక్కువగా ఉన్నారు కాబట్టి నేరుగా విషయానికి వస్తాను. మూతి వంకర పోయిందని వచ్చిన మనిషి కేస్ షీట్‌లో "ఎడమ ఫేషియల్ పాల్సీ", అంటే ముఖం ఎడమవైపు చచ్చుబడింది అని, ఒక్క ముక్క రాసి వదిలేయకండి. తీవ్రత ఎంతో ఆ రోజే రాయాలి. లేకపోతే నెల తర్వాత వచ్చినప్పుడు తగ్గిందో లేదో ఎవరూ చెప్పలేరు.

మొదట కనుబొమలు పైకెత్తమనండి. నుదుటి మీద రెండు వైపులా ముడతలు పడుతూ మూతి మాత్రమే వంకరగా ఉంటే, లోపం మెదడులో ఉండొచ్చు. అప్పుడు తీవ్రత గ్రేడ్ల జోలికి పోకుండా, స్ట్రోక్ అనుమానంతో వెంటనే పంపించాలి.

ముఖ నరమే దెబ్బతిందని తేలితే, తీవ్రతను గ్రేడ్లుగా రాయడానికి 1985లో వచ్చిన హౌస్-బ్రాక్‌మన్ స్కేల్ ఉంది. గ్రేడ్ 1 మామూలు ముఖం, 6 అంటే కదలికే లేదు. తికమకంతా 3, 4 దగ్గరే. "గట్టిగా కళ్లు మూసుకో అమ్మా" అనండి. కష్టపడైనా పూర్తిగా మూసుకుంటే 3. ఎంత బిగించినా రెప్పల సందులో తెల్లగుడ్డు కనిపిస్తుంటే 4. గ్రేడ్ 4లో కూడా ఊరికే కూర్చున్నప్పుడు ముఖం సమంగానే ఉంటుంది. అందుకే చూపుతో అంచనా వేయొద్దు, చేయించి చూడాలి. ఆ సందు ఉందంటే నల్లగుడ్డు ఎండి పుండు పడే ప్రమాదం ఉంది. పగలు చుక్కల మందు, రాత్రి ఆయింట్‌మెంట్ వేసి రెప్పకు టేపు, ఇవి ఆ రోజే మొదలవ్వాలి. బెల్స్ పాల్సీ, అంటే స్పష్టమైన కారణం లేకుండా హఠాత్తుగా ముఖ నరం చచ్చుబడటం, అయితే స్టెరాయిడ్ కూడా 72 గంటల్లోపే.

ఫిజియోథెరపిస్టులకు సన్నీబ్రూక్ స్కేల్ ఎక్కువ పనికొస్తుందని నా అభిప్రాయం. 100 మార్కులకు లెక్క. ఐదు కదలికలు చేయించి మార్కులు వేసి, విశ్రాంతిలో ఉన్న తేడాకు, సింకైనేసిస్‌కు మార్కులు తీసేస్తాం. నవ్వితే కన్ను దానంతటదే మూసుకుపోవడం సింకైనేసిస్. నరం తిరిగి పెరుగుతూ దారి తప్పితే వచ్చే ఇబ్బంది ఇది, రోగిని చాలా కుంగదీస్తుంది. మిగతా కదలికలు బాగుపడ్డాయన్న సంబరంలో దీన్ని రాయడం మరిచిపోవద్దు.

ముఖం పూర్తిగా కదలని కేసుల్లో ఎలక్ట్రోన్యూరోగ్రఫీ, అంటే నరానికి కరెంటు ఇచ్చి కండరాల స్పందన కొలిచే పరీక్ష, చేయిస్తాం. మొదటి మూడు రోజుల్లో చేస్తే తప్పుదారి పట్టిస్తుంది, ఎందుకంటే తెగిన నరం కూడా అప్పటిదాకా కింది భాగంలో కరెంటుకు స్పందిస్తుంది. రెండు వారాల్లోపు నరం క్షీణత 90 శాతం దాటితే కోలుకోవడం కష్టమని అర్థం.

ఇప్పుడు ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూర్చోండి. ఆరోగ్యంగా ఉన్న ముఖంలోనూ రెండు వైపులా కొద్దిగా తేడా ఉంటుంది. ముందు దాన్ని పట్టుకోండి.