21 రోజుల లెక్క మానేద్దాం

సభకు నమస్కారం. పెద్దల పేర్లన్నీ చదివితే నాకిచ్చిన సమయంలో సగం దానికే పోతుంది. అందరికీ కలిపి ఒకే నమస్కారం పెట్టి విషయంలోకి వస్తాను.

ఉద్యోగంలో సమయపాలన గురించి మాట్లాడమన్నారు. అంతకంటే ముందు ఒకటి తేల్చుకోవాలి. ఏ అలవాటైనా 21 రోజుల్లో పట్టుబడుతుందని మీలో ఎంతమంది విన్నారు? చేతులెత్తండి. చూశారా, దాదాపు అందరూ! ఈ ఒక్క మాట చేసిన చెరుపు ఇంతా అంతా కాదు.

1960లో మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్, ఆపరేషన్ తర్వాత మారిన ముఖానికి మనిషి అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతుందని రాశాడు. కనీసం అన్నాడు, అదీ అద్దంలో కనబడే ముఖం గురించి. నోళ్లలో నాని నాని ఆ ‘కనీసం’ జారిపోయింది, ముఖమూ పోయింది, 21 మిగిలింది. లండన్‌లో ఫిలిప్పా లాలీ అనే పరిశోధకురాలి బృందం 96 మందిని 84 రోజులు గమనించింది. కొత్త అలవాటు పట్టుబడటానికి వాళ్లు తేల్చిన మధ్యస్థ అంకె 66 రోజులు. త్వరగా కుదిరినవాళ్లకు 18, బాగా ఆలస్యమయ్యేవాళ్లకు అంచనా ప్రకారం 254.

ఇప్పుడు 22వ రోజున ఇంకా బలవంతాన చేస్తున్న మనిషిని ఊహించండి. లోపం తనలోనే ఉందనుకుని మానేస్తాడు. పైగా ఆరంభశూరుడని పేరు. మొక్కై వంగనిది మానై వంగునా అని ఒక సామెత. మీ దగ్గర పనిచేసేవాళ్ల మీద ఆ సామెత ప్రయోగించకండి, దయచేసి. తప్పు లెక్కది, మనిషిది కాదు. ఆ పరిశోధనలోనే ఇంకోటి తేలింది: ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడలేదు. మర్నాడు మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టనక్కర్లేదు.

సరే, ఏం చేయాలి? నేను చెప్పదలచింది ఒక్క అలవాటే. పని ముగించేముందు పది నిమిషాలు.

మెయిల్ మూసేయండి. మిగిలిపోయిన పనులన్నీ ఒకే కాగితం మీదికి తెండి. వాటిలో రేపు మొదట పట్టుకునేది ఒకటి ఎంచుకోండి. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. ‘రిపోర్టు పూర్తి చేయాలి’ అని రాస్తారు. పొద్దున కూర్చోగానే ఎక్కడ మొదలెట్టాలో మళ్లీ వెతుక్కోవాలి. ఆ వెతుకులాటలోనే చెయ్యి ఫోన్ మీదికి పోతుంది. ‘రిపోర్టు ఫైలు తెరిచి, మూడో పట్టికలో మార్చి నెల అంకెలు బిల్లులతో సరిచూడాలి’ అని రాయండి. ఫైలు పేరు, పట్టిక, చేయాల్సిన క్రియ. చదవగానే చెయ్యి కదలాలి. మాసికాంపో, బామైస్టర్ అనే మనస్తత్వ పరిశోధకులు 2011లో చూపించింది కూడా ఇదే: తీరని పని మనసును తొలుస్తుంది, ఎప్పుడు ఎలా చేస్తామో స్పష్టంగా రాసుకుంటే ఆ తొలుపు తగ్గుతుంది. రాత్రి నిద్రకు కూడా మేలే.

ఇది ఎప్పుడు చేయాలి? ‘ఖాళీ దొరికినప్పుడు’ అంటే ఎప్పటికీ చేయరు. రోజూ తప్పకుండా జరిగేదానికి ముడిపెట్టండి: చివరి మీటింగ్ ముగియగానే, లేదా సాయంత్రం హాజరు నమోదు చేసేముందు. సీటు మారినా, షిఫ్ట్ మారినా ఆ ముడి తెగుతుంది. అప్పుడు కొత్త ముడి వెతుక్కోవాలి. పది నిమిషాలు బరువనిపిస్తే రెండు నిమిషాలు చాలు, రేపటి ఒక్క వాక్యం రాయండి. అసలు రాయకుండా మాత్రం లేవకండి.

పై అధికారులు ముందు వరుసలో ఉన్నారు, మీకొక విన్నపం. సాయంత్రం సరిగ్గా ఆ పది నిమిషాల్లోనే ‘చిన్న పని’ అంటూ పిలుస్తారు. అది చిన్నదే కావచ్చు, కానీ అవతలి మనిషి రేపటి పొద్దుటిని తినేస్తుంది. ప్రాణం మీదికి రాని పనైతే ఒక చీటీ పంపండి, పొద్దున చూస్తారు.

సమయపాలన మీద సిద్ధం చేసుకున్న మిగతా కాగితాలు పక్కన పెడుతున్నాను. పెన్నులు తీయండి. రేపు కూర్చోగానే తెరిచే ఫైలు పేరు, అందులో చేసే మొదటి పని రాయండి. రెండు నిమిషాలు ఆగుతాను.