లోగోకి టోపీ పెడితే క్యాంపెయిన్ అయిపోదు

పండగ సీజన్ దగ్గర పడుతోందంటే చాలు, ప్రతి యాప్‌లోనూ అదే తంతు. లోగో మీదకి ఓ టోపీ ఎక్కుతుంది, స్క్రీన్ నిండా మంచు రాలుతుంది, ఓపెన్ చెయ్యగానే ఓ చక్రం ఎదురొస్తుంది, తిప్పితే "బెటర్ లక్ నెక్స్ట్ టైమ్". ఏంటయ్యా ఇది అంటే "పండగ ఫీచర్ అండీ" అంటారు. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. అది ఫీచర్ కాదు, తోరణం. కట్టుకోండి, వద్దనట్లేదు, కానీ తోరణం చూడ్డానికి రేపు మళ్ళీ ఎవడూ రాడు.

మరి ఫీచర్ అంటే ఏంటి? నాకిష్టమైన ఉదాహరణ ఒకటుంది, ఈ వీడియో అంతా దాన్నే పట్టుకు వేలాడతాను, ముందే చెప్తున్నా.

[స్క్రీన్ మీద: ఎర్ర కవరు]

2014, చైనా. అక్కడ కొత్త సంవత్సరానికి ఎర్ర కవర్లో డబ్బులు పెట్టి ఇవ్వడం ఎప్పట్నుంచో ఉన్నదే. వీచాట్ అని, మన వాట్సాప్ లాంటి చైనా మెసేజింగ్ యాప్, వాళ్ళు ఆ కవర్ని తీసుకొచ్చి చాట్‌లో పెట్టారు. ఇంతవరకూ ఎవరైనా చేస్తారు, డబ్బు పంపే బటన్‌కి ఎర్ర రంగు పూసినట్టే. అసలు తెలివి తర్వాత చూపించారు. గ్రూప్‌లో కవరు వేసేవాడు మొత్తం ఎంత, ఎంతమందికి, అంతే చెప్తాడు, ఎవరికెంత అనేది సిస్టమ్ దాని ఇష్టమొచ్చినట్టు పంచుతుంది. గ్రూప్‌లో ఇరవై మంది ఉండి కవరు ఐదుగురికే వేస్తే ముందు నొక్కిన ఐదుగురికే దక్కుతుంది. ఎవరికెంత వచ్చిందో అందరికీ కనబడుతుంది, అందరికన్నా ఎక్కువ కొట్టినవాడి పేరు పక్కన అదృష్టవంతుడని ఓ గుర్తు కూడా పడుతుంది.

ఇప్పుడు గ్రూప్‌లో ఏం జరుగుతుందో ఊహించుకోండి. చిల్లర వచ్చినవాణ్ణి అందరూ ఏడిపిస్తారు, ఎక్కువొచ్చినవాణ్ణి "నెక్స్ట్ కవరు నువ్వే వెయ్యాలి" అని పట్టుకుంటారు, నిద్రపోయినవాడు పొద్దున్నే లేచి ఖాళీ కవరు చూసి తిట్టుకుంటాడు. ఇరవై నాలుగు గంటల్లో ఎవరూ తీసుకోని డబ్బు పంపినవాడికే వెనక్కి వెళ్ళిపోతుంది, కాబట్టి ఎవరూ తర్వాత చూద్దాంలే అనుకోరు. ఇంకో విషయం, నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే: వచ్చిన డబ్బు బ్యాంకులోకి తెచ్చుకోవాలంటే కార్డు లింక్ చెయ్యాలి. మామూలు రోజుల్లో ఎంత బతిమాలినా చెయ్యని పనిని జనం నవ్వుకుంటూ చేసేశారు. దీన్ని చూసి, పేమెంట్లలో వీళ్ళకి పోటీ అయిన అలీబాబా కంపెనీ స్థాపకుడు జాక్ మా ఏకంగా పెర్ల్ హార్బర్ దాడితో, అంటే రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా మీద జపాన్ చెప్పాపెట్టకుండా చేసిన దాడితో పోల్చాడు, ఓ ఎర్ర కవరు గురించి!

అందుకే నా పరీక్ష ఒకటే. ఆ ఎర్ర రంగు తీసెయ్యండి, ఫీచర్ మిగులుతుందా? కవర్లో మిగులుతుంది, ఎవరికెంతొస్తుందో తెలియని సరదా ఉంటుంది, పక్కవాడికెంతొచ్చిందో చూసే కుతూహలం ఉంటుంది. చక్రానికి రంగు తీసెయ్యండి, కూపన్ కోడ్ మిగులుతుంది. అదీ పదిహేను రోజుల్లో ఎక్స్‌పైర్ అయ్యేది.

"డిస్కౌంట్ ఇస్తే వస్తారు కదా" అని కామెంట్ పెట్టబోతున్నారు, తెలుసు. వస్తారు, కొంటారు, పోతారు. కవరు వేసినవాడు మాత్రం ఇంకొకర్ని లాక్కొస్తాడు, తేడా అదీ.

అలాగని డబ్బే ఉండాలని లేదు. పాటల యాప్ స్పాటిఫై ఏడాది చివర చూపించే ర్యాప్‌డ్ చూడండి, 2016లో మొదలైంది, 2019లో దాన్ని యాప్‌లోపలే స్టోరీల్లా మార్చారు, ఒక్కో కార్డు నేరుగా షేర్ చేసుకునేలా. ఎవరికీ పైసా ఇవ్వలేదు, ఏడాదంతా మీరు విన్నదే మీకు తిప్పి చూపించారు. అది కూడా ఎర్ర కవరే, లోపల ఏముందో తెలీదు, తెరిచాక పక్కవాడికి చూపించాలనిపిస్తుంది. అది చూసి ఇప్పుడు ప్రతి యాప్ ఇయర్ రివ్యూ పంపుతోంది, "ఈ ఏడాది మీరు ఇన్నిసార్లు పాస్‌వర్డ్ మర్చిపోయారు" అని ఇంకా రాలేదు, వస్తుంది చూడండి.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తా. రోజుకో కిటికీ తెరిస్తే లోపల ఓ చిన్న కానుక కనబడే క్యాలెండర్ పెడుతున్నారా, మంచిదే, కానీ ఒక రోజు మిస్సయినవాడికి తలుపు మూసెయ్యకండి, వాడు మిగతా రోజులూ రాడు. కార్డులు పోగుచేసే ఆటలైతే జాగ్రత్త, 2016లో అలీబాబా వాళ్ళ పేమెంట్ యాప్ అలీపే, ఐదు రకాల కార్డులూ పోగుచేస్తే బహుమతి అని ఓ ఆట పెడితే ఒక కార్డు అస్సలు దొరక్క జనం తల పట్టుకున్నారు, చివరికి ఐదూ పట్టినవాళ్ళు 7,91,405 మంది. వినడానికి ఎక్కువే, కానీ ఆడినవాళ్ళలో అది చిటికెడు, మిగతావాళ్ళలో చాలామంది చేతిలో నాలుగు కార్డులు పట్టుకుని పెదవి విరిచారు. కౌంట్‌డౌన్ టైమర్ పెడితే నిజంది పెట్టండి, రిఫ్రెష్ కొడితే మళ్ళీ మొదట్నుంచి మొదలయ్యే టైమర్‌ని జనం ఒక్కసారే నమ్ముతారు. ఆఖరిది, అందరూ ఎగ్గొట్టేది: కొంతమంది యూజర్లకి ఆ ఫీచర్ అసలు చూపించకండి, సీజన్ అయిపోయిన నెల తర్వాత రెండు గుంపుల్లో ఎవరు ఇంకా యాప్ తెరుస్తున్నారో పోల్చండి, పండగ రోజు క్లిక్కులు చూసి కేక్ కోసుకోవద్దు. నోటిఫికేషన్ల గోల ఇందులో పట్టదు, దానికి వేరే వీడియో చేస్తా.